త్రోవకడ్డంగా

మా ఇంటి గోడమీది పెంగ్విన్ పటాన్ని మెచ్చుకోని అతిథి లేడు. మెచ్చుకొన్నప్పుడల్లా నాకు సిగ్గు వేస్తుంది. కారణం ఇన్నాళ్ళకు ఈ టపాలో చెప్పుకొంటున్నాను.

2019 జనవరిలో, మా అబ్బాయి పుణ్యమా అని, అర్జెంటీనాలోని ఉషువాయా రేవులో ఓడ ఎక్కాను. డ్రేక్ జలసంధిలో గడచిన రెండు దినాలను వర్ణింపను. పండితుడికైనా వాంతి వాంతియే. పిదప అంటార్కిటికా. ధవళము, శ్వేతము, పాండురము అంటూ ముప్పదేండ్లు పిల్లలచేత పర్యాయపదాలు వల్లె వేయించినవాణ్ణి. తీరా చూస్తే మంచు పగుళ్ళనిండా నీలిమే! నా కెమెరా మాత్రం ఆ మంచునంతా బూడిదరంగుగా చూపింది. వెలుతురు ఒక మెట్టు పెంచుకోవాలని తోటి యాత్రికులొకరు నేర్పారు.

నెకో హార్బరులో దిగాము. పెంగ్విన్లకు ఐదు మీటర్ల ఎడం పాటించాలని నియమం. పాటించి, మోకాళ్ళపై కూర్చున్నాను. జెంటూ పెంగ్విన్ ఒకటి సముద్రంనుండి ఎక్కివచ్చి, నాకెదురుగా ఆగి, తల ప్రక్కకు వంచి చూచింది. ఎంతకూ కదలదు. నా భాగ్యమనుకొని ఇరవై ఫొటోలు తీశాను.

“మీరు దాని దారిలో కూర్చున్నారు” అన్నది మార్గదర్శకురాలు, మెల్లగా.

క్రిందికి చూచాను. వాటి అడుగులు పడి పడి మంచులో ఏర్పడిన గాడి, సరిగా నా మోకాళ్ళ క్రింద. పైన గూళ్ళలో పిల్లలు. తల్లో తండ్రో, కడుపులో మేత మోసుకొని, నేను లేచేదాకా నిలిచి ఉన్నది.

తప్పుకొన్నాను. నావంక చూడకుండా ఎక్కిపోయింది. అప్పుడు తీసిన వీపు ఫొటో చేయి వణికి చెదిరింది. ఈ టపాకు దానినే జతచేస్తున్నాను.