నలుపును నలుపుగా

ఫొటోలను పెద్ద సైజులో ప్రింటు తీసి ఫ్రేము కట్టడం నా పని. ఉండేది న్యూజెర్సీలో. పెద్ద ఇళ్లవాళ్లకు, వాళ్ల ఇంటీరియర్ డిజైనర్లకు ఇప్పుడు హిప్‌హాప్ ఫొటోలంటే మోజు. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని ఓ అపార్టుమెంటు బిల్డింగులో, చెల్లెలు పెట్టిన పార్టీకి డీజే కూల్ హర్క్ రికార్డులు తిప్పాడు. హిప్‌హాప్ పుట్టింది ఆ రోజేనంటారు. ఆ అద్దె ఇళ్ల సంగీతం ఇవాళ ఇటాలియన్ సోఫాల వెనక గోడకెక్కింది.

మోజు సంగతి అలా ఉంచితే, ప్రింటు తీసేవాడికి ఇవి పెద్ద పరీక్ష. నల్లటి ఒళ్లు, నల్ల కోటు, వెనక చీకటి. నీడల్లో వెలుగు కాస్త పెంచామా, ముఖానికి బూడిద పూసినట్టుంటుంది. తగ్గించామా, చెంపేదో కోటేదో తెలీదు. ఈ తిప్పలు పాతవే. రంగులు సరిచూసుకోమని కోడక్ కంపెనీ ల్యాబులకు పంపిన 'షర్లీ' కార్డుల మీద దశాబ్దాలపాటు ఉన్నది తెల్లమ్మాయే. ఆమె ఒంటి రంగు బాగా వస్తే మెషీను సరిగ్గా ఉన్నట్టు లెక్క. మిగతావాళ్ల ముఖాలు ఎలా వచ్చినా అడిగేవాడు లేడు.

అందుకే ముందు ముఖం వరకే చిన్న కాగితం ముక్క మీద ప్రింటు తీస్తాను. ఇంకు బాగా ఆరాక పగటి వెలుగులాంటి 5000 కెల్విన్ దీపం కింద చూస్తాను. తర్వాత మామూలు పసుపు బల్బు కిందా చూస్తాను, కొన్నవాళ్ల ఇంట్లో ఉండేది అదే కదా. మ్యాట్ కాటన్ కాగితం అందంగానే ఉంటుంది గానీ నలుపు పేలవంగా పడుతుంది. ఈ ఫొటోలకు నా ఓటు నలుపు చిక్కగా పట్టే బెరైటా కాగితానికే. డిజైనర్లకేమో ఎదుట అక్రిలిక్ అతికించిన మెరుపు కావాలి. చీకటి ఫొటో మీద ఆ మెరుపు ఉంటే కనబడేది ర్యాపరు కాదు, ఎదురుగా ఉన్న కిటికీ.

1980లలో బ్రూక్లిన్ వీధుల్లో జమేల్ షబాజ్ తీసిన ఫొటోలంటే నాకు ప్రాణం. చాలామంది మామూలు కుర్రాళ్లే, కానీ కెమెరా ముందు ఆ నిలబడ్డ తీరు చూడాలి! ఇలాంటి వీధి ఫొటోలు ప్రింటుకొస్తే "వెనకాల మురికి చెరిపేయలేరా? ముఖం కాస్త తెల్లగా చేయలేరా?" అని అడిగేవాళ్లున్నారు. చేయను. ఫొటోగ్రాఫరు సరేనన్న నమూనా ప్రింటు నా బల్ల మీద ఉంటుంది, దాన్ని దాటను.

మొన్నామధ్య ఎడిసన్‌లో ఒక తెలుగువాళ్ల అబ్బాయి, బారన్ క్లేబోర్న్ తీసిన ర్యాపరు బిగ్గీ ఫొటో కొని ఫ్రేముకు తెచ్చాడు. తల మీద వంకరగా పెట్టిన కిరీటం. అది చవక ప్లాస్టిక్‌ది. 1997లో ఆ ఫొటో తీసిన మూడు రోజులకే బిగ్గీని కాల్చి చంపేశారు. 2020లో సోథెబీస్ వేలంలో ఆ ప్లాస్టిక్ కిరీటం 5,94,750 డాలర్లు పలికింది.

బిగించడానికి వెళ్తే వాళ్లమ్మగారు అడ్డుపడ్డారు. "హాల్లో వేంకటేశ్వరస్వామి ఉన్నాడు. పక్కన ఈయనెవరండీ?"

"ఈయనకూ కిరీటముందిగా అమ్మా!" అన్నాడు అబ్బాయి.

ఆవిడ ఒప్పుకోలేదు. బేస్‌మెంటుకు దించాం. నాకు అదే నయమనిపించింది. అక్కడ ఎండ పడదు, రంగు వెలిసే భయం తక్కువ. ఫొటో నడిమి భాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండేలా కొలిచి బిగించాను. అబ్బాయి ఇంకాస్త పైకన్నాడు గానీ, సోఫాలో కూర్చుని చూసేవాళ్లకు మెడ నొప్పి ఎందుకని ఊరుకోమన్నాను.