బేరింగు కూర్చునే తావు



నెల రోజులుగా మేము బస్సులోను, షేర్ ఆటోలోను పల్లెలకు రావడం చూసి చాలామంది "అయ్యగారూ, బుల్లెట్టు ఏమాయె?" అని అడిగారు. దేవుని కృపవల్ల బండి బాగైంది. ఎట్లా బాగైందో కాస్త వివరంగా చెప్తాము. ఆ పని చూస్తుండగా మన సంఘంతో చెప్పవలసిన మాట ఒకటి మాకు దొరికింది గనుక ఓపికగా చదవండి.

అది మాకంటె ముందు ఈ ప్రాంతంలో సేవ చేసిన పెద్దయ్యగారు నడిపిన 1978 నాటి బండి. 1955లో మద్రాసు మోటార్స్ వారు ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కంపెనీతో చేతులు కలిపి మద్రాసులో తయారు చేయడం మొదలుపెట్టిన బుల్లెట్ల వంశమే. నాలుగు గేర్లు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇప్పటి పిల్లలు ఎక్కితే తికమకపడతారు. ఈ పాత బండ్లలో గేరుబాక్సు ఇంజనులో కలిసి ఉండదు. ఇంజను వెనకాల వేరే డబ్బాగా బోల్టులతో బిగించి ఉంటుంది. దాని గోడలు అల్యూమినియం. ఆ గోడకు గుండ్రని గుంట ఉంటుంది. అందులో ఉక్కు బేరింగు కూర్చుంటుంది. ఆ గుంటనే హౌసింగ్ అంటారు.

ఆదోనిలో బయలుదేరేటప్పుడు బండిలో ఏ తేడా తెలిసేది కాదు. ఎమ్మిగనూరు 30 కిలోమీటర్ల దూరం. సగం దారి వచ్చేసరికి గేరుబాక్సులో నుండి తేనెటీగల తుట్టె కదిలినట్టు మోత. బండి ఆపితే కింద ఆయిలు చుక్కలు. ఒకే ఏడాదిలో రెండుసార్లు బేరింగు మార్చారు. మార్చిన ప్రతిసారి కొన్ని వారాలు నిమ్మళం, తర్వాత మళ్లీ అదే మోత. చూసినవాళ్లంతా బేరింగునే తిట్టారు. "ఇప్పుడొచ్చే సామాను ఇంతే" అన్నారు.

చివరికి ఆదోనిలో ఒక లేత్ మేస్త్రీ దగ్గరికి తీసుకుపోయాము. పత్తి జిన్నింగు మిల్లుల షాఫ్టులు, రోలర్లు సరిచేయడంలో చెయ్యి తిరిగినవాడు. ఆయన కొత్త బేరింగును ఆ గుంటలో పెట్టి రెండు వేళ్లతో కదిపాడు. అది కదిలింది. అప్పుడు అన్నాడు: "పాస్టర్ సార్, బేరింగుది తప్పేముంది? అది కూసునే తావు చెడిపోయింది. ఇంక పది మార్చినా ఇంతే."

బేరింగుకు రెండు రింగులుంటాయి. లోపలి రింగు షాఫ్టుతోపాటు తిరగాలి. బయటి రింగు కదలకుండా కూర్చోవాలి. గుంట వదులైతే బయటి రింగు కూడా మెల్లగా జారి తిరగడం మొదలుపెడుతుంది. ఉక్కు గట్టిది, అల్యూమినియం మెత్తనిది. తిరిగేకొద్దీ ఉక్కు గోడను అరగదీస్తుంది. పైగా చైను ఆ షాఫ్టును ఎప్పుడూ వెనక్కి లాగుతూ ఉంటుంది గదా, అరుగుదల అంతా ఆ వైపే. గుండ్రని గుంట కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. మేస్త్రీ కొలిచి చూపించాడు. వెనక వైపు 0.07 మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే ఒక తలవెంట్రుకంత.

చల్లగా ఉన్నప్పుడు మోత ఎందుకు లేదు? వేడికి అల్యూమినియం ఉక్కుకంటె దాదాపు రెండింతలు సాగుతుంది. 50 మిల్లీమీటర్ల గుంట 100 డిగ్రీలు వేడెక్కితే 0.11 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. అందులోని ఉక్కు 0.06 మాత్రమే పెరుగుతుంది. గేరుబాక్సు అంత వేడి ఎక్కకపోయినా, ముందే వదులైన తావు ఇంకా వదులవుతుంది. అందుకే ఇంటి ముందర స్టార్ట్ చేసి చూస్తే బండి బాగున్నట్టే ఉంటుంది.

దీనికి అడ్డదారులున్నాయి. గుంట గోడమీద సెంటర్ పంచ్‌తో చుక్కలు కొడతారు. ఆ చుక్కల అంచులు పైకి లేచి బేరింగును పట్టుకుంటాయి. మా బండికి ఎవరో ఎప్పుడో అదీ చేసి ఉన్నారు. ఆ లేచిన అంచులు కొన్నాళ్లకే అణిగిపోయాయి. వదులు చాలా తక్కువైతే బేరింగును అంటించే మందు పనిచేస్తుంది. గుంట కోడిగుడ్డయితే మందువల్ల లాభం లేదు. బేరింగు వంకరగానే అంటుకుంటుంది.

మేస్త్రీ గుంటను ఇంకొంచెం పెద్దదిగా బోరు చేసి, లోపల అల్యూమినియం బుష్ దిగేసి, ఆ బుష్‌ను బేరింగు కొలతకు మళ్లీ బోరు చేశాడు. చెప్పడానికి ఇంతే. ఆయన ఎక్కువసేపు చేసిన పని మాత్రం కోయడం కాదు, వెతకడం. ఆ గుంటకు అసలు కేంద్రం ఎక్కడ? అరిగిన గోడను పట్టుకొని కొలిస్తే కేంద్రం వెనక్కి జరిగినట్టు చూపిస్తుంది. అక్కడే బోరు చేస్తే షాఫ్టు పక్కకు పోయి గేర్ల పళ్లు సరిగా కలవవు. గుంట అడుగున బేరింగు తాకని సన్నని అంచు ఒకటి మిగిలి ఉంది. డయల్ గేజి ముల్లు దానిమీద ఆనించి, ముల్లు కదలని చోటు దొరికేదాకా డబ్బాను కొంచెం కొంచెం జరిపాడు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం అయింది. కోత అరగంట కూడా పట్టలేదు.

బిగించడం కూడా వేడిలోనే. పక్కనే బోరు మోటర్లకు వైండింగు చేసే షాపులో, వార్నిష్ ఆరబెట్టే ఓవెన్ ఉంది. డబ్బాను అందులో పెట్టి వేడిచేశారు. చల్లని బేరింగును పైన ఉంచగానే, సుత్తి దెబ్బ లేకుండా తనంతట తానే దిగి కూర్చుంది. డబ్బా చల్లారాక చేత్తో కదిపితే కదల్లేదు. బేరింగు ఖరీదుకంటె కూలి ఎన్నో రెట్లు అయింది.

ప్రియులారా, ఇక అసలు మాట. మన సంఘంలోని ఒక తమ్ముడు తాగుడు మాన్పించే కేంద్రం నుండి వచ్చే ఆదివారానికి తిరిగి వస్తున్నాడు. అతనికి చెప్పి, అతను సరేనన్న తర్వాతే, పేరు లేకుండా ఇది రాస్తున్నాము. ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ బాగుపడే వచ్చాడు. కొన్ని వారాలు నిమ్మళం, తర్వాత మళ్లీ అదే. "ఆ మనిషే అంత" అని ఊరంతా అంటున్నది. ఈసారి అతన్ని సంఘంలో కలుపుకోవద్దని కొందరు పెద్దలు కూడా అంటున్నారు.

మనిషి మారలేదేమో. అది అతనికీ దేవునికీ తెలుసు. కాని అతడు వచ్చి కూర్చునే తావు ఎట్లా ఉంది? సుగ్గికి గుంటూరు వైపు మిరపకోతకు పోయేందుకు తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదు. అప్పిచ్చినాయన పొద్దున్నే గడప దగ్గర నిలబడతాడు. బస్టాండులో పాత స్నేహితులు పాత పేరుతోనే పిలుస్తారు. ఆరాధనలో అతని పక్క చాప ఖాళీగా ఉంటుంది. ఆదివారం పొద్దున చల్లగా ఉన్నప్పుడు అందరం బాగానే కనబడతాము. బుధవారం అప్పులవాడు అరిచినప్పుడు వదులు తెలుస్తుంది.

ఫిలేమోను పత్రిక ఒకే ఒక్క అధ్యాయం, 25 వచనాలు. పారిపోయిన దాసుడైన ఒనేసిము మారుమనస్సు పొందాడు. పౌలు అతన్ని వట్టి చేతులతో పంపించలేదు. అతన్ని చేర్చుకోవలసిన యజమానికి, ఆ ఇంట్లో కూడుకునే సంఘానికి కూడా కలిపి ఉత్తరం రాశాడు. దాసునిగా కాదు, సహోదరునిగా చేర్చుకోమన్నాడు. అతడు ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో రాయమన్నాడు. ఒనేసిము మారితే చాలని పౌలు అనుకోలేదు. ఆ ఇల్లు కూడా సిద్ధపడాలని బతిమాలుకున్నాడు.

కాబట్టి మేము మూడు పనులు అడుగుతున్నాము. అప్పిచ్చిన సహోదరుడు పంట చేతికొచ్చేదాకా గడువు ఇవ్వాలి. హామీగా మేము సంతకం పెడతాము. ట్రాక్టరు ఉన్నవారు ఈ రెండు నెలలు అతనికి పని చూపించాలి. కూలి అతని భార్య చేతికి ఇవ్వాలని అతడే అడిగాడు. మూడోది, ఆదివారం అతని పక్కన ఎవరైనా కూర్చోవాలి. ఎవరు కూర్చుంటారో శనివారం సాయంత్రం ప్రార్థనలో మాకు చెప్పండి.

అయినా అతడు మళ్లీ పడిపోవచ్చు. ఆ మాట దాచము. కాని ఈసారి మన వైపు తావును కొలవకుండా ఆయనను తప్పుపట్టే పని మాత్రం వద్దు.

ప్రభువు మన సంఘాన్ని దాని అసలు కేంద్రానికి తెచ్చి, వచ్చేవారిని వేడిలోను గట్టిగా పట్టుకొనేలా చేయును గాక. ఆమేన్.