కొండకు ఎదురుగా

సీతంపేట కొండల్లోని ఆడలి వ్యూ పాయింట్ దగ్గర కాసేపు కూర్చుని వచ్చిపోయేవాళ్ళను చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పొద్దున్నే చలిలో బయల్దేరి, ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఎక్కి వచ్చినవాళ్ళు అంచుకు చేరగానే కొండలకు వీపు పెట్టి నిలబడతారు. ఫోను పట్టుకున్న చెయ్యి ముందుకు చాస్తారు. ముఖం మధ్యలో, మబ్బు భుజం మీద, లోయ ఎక్కడో వెనకాల. అందమైన చోట తన బొమ్మ కూడా ఉండాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అంత దూరం వచ్చి ఆ లోయను ఫోను తెరమీద మాత్రమే చూసి వెళ్ళిపోతుంటే నాకు మనసు ఊరుకోదు.

సీతంపేట కొండలు వంశధారకూ నాగావళికీ నడుమ ఉన్న తూర్పు కనుమలు. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేదాకా ఇవి శ్రీకాకుళం జిల్లావే. సవరలు, జాతాపులు తరతరాలుగా కాపురముంటున్న నేల ఇది. వానలు పడ్డాక కొండ పచ్చబడుతుంది, మెట్టుగూడ జలపాతం పొంగుతుంది. శీతాకాలం తెల్లవారుజామున ఆడలి దగ్గర నిలబడితే మబ్బులు మన కాళ్ళకంటే కిందే ఉంటాయి. ఎండెక్కేకొద్దీ అవి విడిపోయి ముందు గట్లు, తరవాత చేలు, ఆ తరవాత ఇళ్ళ కప్పులు బయటపడతాయి. ఫొటోలకోసం వచ్చినవాళ్ళు సాధారణంగా ఆ వేళకు తిరుగుదారి పట్టి ఉంటారు. నాకు మాత్రం అసలు చూడవలసింది అప్పుడే మొదలవుతుందనిపిస్తుంది.

ఒకసారి అలా మబ్బు విడిపోతున్నప్పుడు పక్కన ఒక సవర పెద్దాయన నిలబడి ఉన్నాడు. "ఏం కనబడతంది బాబూ?" అని అడిగాడు. కొండ అన్నాను. ఆయన చెయ్యి చాపి చూపించాడు: ఆ బండకింద కందిచేను, దాని పక్కన జీడితోట, ఆ వాలున అనాస, పైన చీపురు కోసే గట్టు, ఆ నల్లటి గుబురు జీలుగ చెట్లు, అదిగో గెడ్డ. నేను పచ్చదనం అనుకున్నదాంట్లో ఆయనకు ప్రతి చెక్కా ఒకరి కష్టం. అడవి నరికి కాల్చి, ఆ బూడిదలో సామా చోడీ కందీ కలిపి చల్లిన పోడు వాలులు కొన్ని, 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అయిన భూములు కొన్ని. కంది చేతికొచ్చాక కందికొత్తల పండగ చేసి, దేవతకు పెట్టిన తరవాతే ఇంట్లో వండుకుంటారు. మనం కళ్ళప్పగించి చూసే ఆ దృశ్యానికి కర్తలున్నారు.

చాలా అందమైన చోట్ల సంగతి ఇంతే. అరకులో అందరూ ఫొటోలు దిగే పద్మాపురం ఉద్యానవనం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలైంది. ఇప్పుడక్కడ బొమ్మరైలు, గులాబీలు, చెట్లమీద గుడిసెలు. ఆ మడుల్లో మొదట నాటింది సైనికుల కూడుకోసమని తెలిస్తే అక్కడి పువ్వు అందం తగ్గదు, దాని వెనకున్న చేతులు కూడా కనబడతాయి.

కొండను బొమ్మకెక్కించడం ఫోన్లతో మొదలు కాలేదు. సవరలు ఎప్పటినుంచో తమ ఇళ్ళలోపలి గోడల మీద ఈ కొండను గీస్తూనే ఉన్నారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద, నానబెట్టి నూరిన బియ్యప్పిండితో, వెదురుపుల్లతో. చుట్టూ ఒక చట్రం, అది ఇల్లు. లోపల సూర్యుడు, చంద్రుడు, చెట్లు, నెమళ్ళు, గుర్రాలు, ఏనుగులు, చేతులు పట్టుకుని ఆడే మనుషులు, చెట్టెక్కే మనిషి, పొలం పనిచేసేవాళ్ళు. ఇంట్లో జబ్బు చేస్తే, పంట బాగుండాలంటే, పోయిన పెద్దలు చల్లగా చూడాలంటే గీయిస్తారు. సవర పూజారి అయిన ఎజ్జోడు పిలిస్తే ఆ పెద్దలు వచ్చి ఆ బొమ్మలో ఉంటారని నమ్మకం.

ఆ బొమ్మ ముందు నిలబడితే నాకు ఆశ్చర్యం కలిగించేది ఒక్కటే. అందులో ముందు లేదు, వెనక లేదు. మనిషి పెద్దగా, కొండ చిన్నగా లేవు. మనిషి వెనకాల నిలబడటానికి చెట్టు పుట్టలేదు. అందరూ ఒకే గోడ మీద, ఒకే చట్రంలో, పక్కపక్కనే. ఏనుగు కూడా ఉంది. 2007లో ఒడిశా వైపునుంచి వచ్చిన ఏనుగులు ఈ ప్రాంతపు చేలు తొక్కాయి, మనుషుల ప్రాణాలూ తీశాయి. ఆ భయం తెలిసిన జిల్లాలోనే గోడమీద ఏనుగుకు చోటుంది.

ఆ గోడ కొత్తవాళ్ళను కూడా కాదనదు. సవరల మతం మీద 1955లో పెద్ద గ్రంథం వెలువరించిన వెరియర్ ఎల్విన్ ఒడిశా వైపు సవరల ఇళ్ళలో ఇలాంటి బొమ్మలు చూశాడు. వాటిలో సైకిళ్ళూ, రైళ్ళూ, విమానాలూ ఉన్నాయి. కొండకు ఏది వచ్చినా బొమ్మలోకి రానిచ్చారు. రేపు ఎవరైనా గీస్తే, ఫోను పట్టుకున్న మనకూ అందులో చోటు దొరకవచ్చు. అందరిలో ఒకరిగా, అందరంత ఎత్తులో.

బయటినుంచి వచ్చి ఇలా పక్కన నిలబడ్డవాళ్ళు లేకపోలేదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల గురించి రాసేముందు వాళ్ళ మాట నేర్చుకున్నాడు. వాళ్ళ పిల్లలకు బడులు పెట్టాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. దశాబ్దాలపాటు చెవి ఒగ్గి విన్న మనిషి పని అది. మనకు అంత తీరిక లేదు, ఒక పూటే ఉంది. ఆ పూటకు సరిపడా వినడం మాత్రం మన చేతిలోనే ఉంది.

అందుకే ఆడలి వెళ్ళేవాళ్ళకు నా మనవి ఇది. మీ ఫొటో మీరు తీసుకోండి, సంతోషంగా తీసుకోండి. తరవాత ఒకసారి కొండకు ఎదురుగా తిరిగి నిలబడి, మబ్బు విడిపోయేదాకా ఆగండి. అక్కడివాళ్ళెవరైనా ఉంటే ఆ వాలున ఏం పండుతుందని అడగండి, వాళ్ళను ఫొటో తీయాలంటే ముందు వాళ్ళ అనుమతి అడగండి. అనాసల కాలమైతే రోడ్డుపక్క అమ్ముతున్న తల్లి దగ్గర బేరమాడకుండా కొనండి. తాగిన సీసా మీ బండిలోనే తిరిగి వెళ్ళాలి. ఫొటో ఎవరికైనా పంపేటప్పుడు దాని కింద ఆడలి అనీ, సీతంపేట మండలం అనీ, కనబడే ఆ చేలు సవరలవీ జాతాపులవీ అనీ రాయండి. చూసినవాళ్ళకు అందంతోపాటు ఆ అందం ఎవరి చెమటో తెలియాలి. కొండమీద బతికేవాళ్ళకు మనం ఇవ్వగలిగిన కనీస మర్యాద అది.