గూడెం బండీ, కొల్లేటి దారీ

ఏలూరు నుంచి తాడేపల్లిగూడేనికి పట్టాల లెక్కన 50 కిలోమీటర్లు కూడా లేదు. మా ఆవిడ లెక్క వేరు. "పోయేటప్పుడు గంట, వచ్చేటప్పుడు దైవాధీనం" అంటుంది. ఆవిడకు గూడెంలో పంతులమ్మ ఉద్యోగం, నాకు ఏలూరులో గుమాస్తాగిరీ, కాపురం పవరుపేటలో. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు ఏలూరు తన పేరిట వేరే జిల్లా అయి కూర్చుంది. గూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది. అప్పటినుంచి మాది రెండు జిల్లాల దాంపత్యం. రోజూ పొరుగు జిల్లాకు వెళ్ళివచ్చే ఇల్లాలికి మొగుడు భత్యం చెల్లించాలని ఆవిడ వాదన. అందుకు పద్దు లేదని నా జవాబు.

పొద్దుటి ప్యాసింజరు బుద్ధిమంతురాలే. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, చేబ్రోలు, ఉంగుటూరు, బాదంపూడి అంటూ చుట్టాలందర్నీ పలకరించి వేళకే గూడెం చేరుతుంది. చిక్కంతా సాయంత్రం బండితోనే. ఇది మద్రాసు నుంచి హౌరా పోయే పెద్ద లైను. వెళ్ళడానికో పట్టా, రావడానికో పట్టా. వెనకనుంచి ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే ప్యాసింజరు స్టేషన్లో పక్కలైను ఎక్కి తలొంచుకు నిలబడాలి. అది దాటిపోయి సిగ్నలు పడేలోగా ఇంకో ఎక్స్‌ప్రెస్ వచ్చిందా, మళ్ళీ నిలబడాలి. ఈలోగా ఆడవాళ్ళ పెట్టెలో చిక్కుడుకాయలు ఒలవడం అయిపోతుంది, గూడెం మార్కెట్లో ఉల్లిపాయల ధర మీద చర్చ అయిపోతుంది, "వదినగారూ, మీ అమ్మాయికి సంబంధం కుదిరిందా?" కూడా అయిపోతుంది. బండి మాత్రం కదలదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వురానిది ఒకటుంది. మా చంటిదానికి నాలుగేళ్ళు. తల్లి ఇల్లు చేరేసరికి అది నిద్రపోతుంది. తల్లి బయలుదేరేసరికి ఇంకా లేవదు.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం ముగ్గురం కైకలూరు బస్సెక్కాం, ఆటపాకలో పక్షుల్ని చూద్దామని. ఆరు రోజులు ఎవరి దారి వాళ్ళదైన మాకు ఒకే సీట్లో కూర్చోవడమే పెద్ద విహారం. అందులోనూ సీటు ఇద్దరిది, మనుషులం ముగ్గురం. గుడివాకలంక దాటాక రోడ్డు కొల్లేట్లోకి దిగింది. కిటికీలోంచి నీళ్ళవాసన, చేపలవాసన కలిసి వస్తున్నాయి.

ఆటపాకలో గూడబాతులు వందలకొద్దీ కాపురాలు పెట్టాయి. చెట్లు చాలక వాటికోసం నీళ్ళలో ఇనపస్టాండ్లు కూడా నిలబెట్టారు. మా ఆవిడ పకపకా నవ్వింది. "చూశారూ! పక్షులకు సీట్లు రిజర్వు చేశారు. నాకే లేవు" అంది. చంటిది వాటి ముక్కుకింద సంచిని చూసి, "అమ్మా, నీ కూరలసంచీ!" అని అరిచింది.

పడవ నడిపే ఆసామీ మాటకారి. "అయ్యగారూ, బుడమేరు, తమ్మిలేరు అన్నీ ఇందులోకే వస్తాయండి. సముద్రంలోకి పోడానికి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే దారండి" అన్నాడు. ఆ ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగిగాని సముద్రం చేరదు. నీళ్ళు మెల్లిగా పోవడం కొల్లేటికి పుట్టుకతో వచ్చిన గుణం. దానికి తోడు సరస్సు కడుపులో చేపలచెరువుల గట్లు లేచాయి. 1999లో అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో ప్రభుత్వం చాలా గట్లు కొట్టించింది. తరవాత కొన్నిచోట్ల అవి మళ్ళీ లేచాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరూ ఇక్కడికే వచ్చింది. మేము వచ్చిన కైకలూరు రోడ్డు మీదినుంచే పారి, రాకపోకలు ఆపేసింది.

"అంతేనమ్మగారూ! నీటికి దారియ్యకపోతే అది రోడ్డెక్కుద్ది" అన్నాడు పడవాసామీ.

మా ఆవిడ ఆ మాట విని ఊరుకుండిపోయింది. తిరుగుబస్సులో, చంటిది ఒళ్ళో నిద్రపోయాక, "ఏవండీ, ఉద్యోగం మానేస్తానండీ" అంది. కోపంగా కాదు, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది.

పన్నెండేళ్ళ ఉద్యోగం. పిల్లలకు లెక్కలు చెప్పడమంటే ఆవిడకు ప్రాణం. మా ఇంట్లో నా ఆఫీసు ఎక్స్‌ప్రెస్ బండి, ఆవిడ బడి ప్యాసింజరు. ఎప్పుడూ పక్కలైనులో నిలబడేది ఆవిడే. ఒక్కరే అన్నేళ్ళు నిలబడితే నీళ్ళు ఎక్కడో ఒకచోట రోడ్డెక్కవూ?

"మానొద్దు. భీమడోలులో ఇల్లు చూద్దాం. సగం దారి నీది, సగం నాది" అన్నాను.

"మీకు బండి ప్రయాణం పడదుగా?"

"నీకు పడి చేస్తున్నావా ఏమిటి?"

ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూసింది. "నుయ్యి ఉన్న ఇల్లయితే బాగుండును" అంది చివరికి.

ఇప్పుడు భీమడోలులో ఉంటున్నాం. నుయ్యి దొరకలేదు, పంపు దొరికింది. పొద్దున్నే ఆవిడ తూర్పు బండి ఎక్కుతుంది, నేను పడమటి బండి. సాయంత్రం ఎవరి బండి ముందొస్తే వాళ్ళు అన్నం వండాలని ఒప్పందం. చంటిది మాత్రం ఇద్దరం వచ్చేదాకా మేలుకునే ఉంటోంది. బండి ఆలస్యాల మాటంటారా, అవి అలాగే ఉన్నాయి. ఈమధ్య వాటిని తిట్టే గొంతులు మా ఇంట్లో రెండయ్యాయి, అంతే!