లేక్‌హర్స్ట్ మైదానంలో

న్యూయార్కు నుంచి దక్షిణంగా కారులో రెండు గంటలలోపు ప్రయాణం చేస్తే లేక్‌హర్స్ట్ వస్తుంది. ఇసుకనేల, పైన్ చెట్ల అడవి. ఇప్పుడది సైనిక స్థావరం. ముందుగా పేర్లు పంపి అనుమతి తెచ్చుకుంటేగాని లోపలికి పోనివ్వరు. ఆ తతంగమంతా మా అల్లుడు చూచుకున్నాడు.

లోపల మొదట కళ్ళకు ఆనేది ఒకటవ నెంబరు షెడ్డు. 1921లో వాయునౌకల కోసం కట్టారు. ఎత్తు 200 అడుగులు. తాటిచెట్టు మీద తాటిచెట్టు మూడు నిలబెట్టవచ్చు! దానికి దగ్గరలోని మైదానంలో గొలుసు చుట్టిన చిన్న చప్టా, ఒక కంచు ఫలకం. 1937 మే 6వ తేదీ సాయంకాలం జర్మనుల హిండెన్‌బర్గ్ కూలిన చోటు అది. 804 అడుగుల నౌక అరనిమిషం పైచిలుకులో కాలిపోయింది. అందులోని 97 మందిలో 35 మంది, నేలమీద పనిచేస్తున్న ఒకడు చనిపోయారు. తక్కిన 62 మంది ఎలా బతికారో, నాకైతే అదే వింత.

పిల్లల పుస్తకాలలో మూలకాల పట్టిక చూచే వుంటారు. ఒకటవది హైడ్రోజన్, రెండవది హీలియం. అంకెలలో ఇరుగుపొరుగులే గాని గుణాలు వేరు. మొదటిది గాలిలో నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. రెండవది అసలు అంటుకోదు. హీలియం బరువు రెట్టింపే. అయినా రెండూ గాలికన్న ఎంతో తేలిక కాబట్టి, పైకెత్తే బలంలో తేడా నూటికి ఏడెనిమిది పాళ్ళే.

ఈ షెడ్డులోనే కూర్చిన షెనాండోవా నౌకలో హీలియం నింపారు. 1925 సెప్టెంబరులో ఒహాయో మీద తుఫానుకు ముక్కలై 14 మంది పోయారు గాని మంట లేదు. 29 మంది బయటపడ్డారు.

ఆ హీలియం జాడ వెదికితే మన గుంటూరు కూడా తగులుతుంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచి చూచి, సూర్యుని అంచు జ్వాలల వెలుగును గీతలుగా విడదీసి పరిశీలించాడు. ఆ యేడే ఇంగ్లండులో లాకియర్, ఆ జ్వాలలలోని పసుపుగీత తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేల్చాడు. గ్రీకుల సూర్యుని పేరే దానికి పెట్టారు.

“మరి జర్మనులు హీలియమే నింపుకోవచ్చుగా, తాతయ్యా?” అన్నాడు మనుమడు. హిండెన్‌బర్గ్‌ను మొదట హీలియం కోసమే తలపెట్టారు. కాని పెద్ద ఎత్తున అది దొరికేది అమెరికాలోనే; 1925 నాటి చట్టం ఎగుమతిని ఆపింది. ప్రమాదం జరిగాక, 1937లోనే చట్టాన్ని సడలించారు. ఇంతలో 1938 మార్చిలో హిట్లరు ఆస్ట్రియాను కలుపుకున్నాడు. మంత్రి హెరాల్డ్ ఇకీస్ ఒప్పుకోలేదు. హిండెన్‌బర్గ్ జోడునౌక కూడా ఆ సెప్టెంబరులో హైడ్రోజన్‌తోనే ఎగిరింది. టిక్కెట్టు కొన్న ప్రయాణికులను మాత్రం ఎక్కించుకోలేదు.