మోటారుబండి ఊపిరి

క్రొత్త కారు ఇంటికి వచ్చిననాడు మనము చేయు మర్యాదలు ఇన్నన్ని కావు. పసుపుకుంకుమలు పెట్టుదుము, కొబ్బరికాయ కొట్టుదుము, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయ లుంచి త్రొక్కింతుము. దాని పొట్టక్రింద నేమున్నదో వంగి చూచినవారు మనలో ఎందరు? అది పురుషుల పని యని మనము విడిచితిమి; మెకానిక్కు పని యని పురుషులు విడిచిరి. కాని, సోదరీమణులారా, బండి త్రాగు పెట్రోలు ఖర్చు మన ఇంటిపద్దులోనిదే. బండి విడుచు పొగయు మన వాకిటిలోనిదే.

ఇంజనునకును సైలెన్సరునకును నడుమ, కొండచిలువ కుందేలును మ్రింగిన చందమున పొగగొట్టము ఒకచోట ఉబ్బి యుండును. ఆ ఉక్కుడబ్బాను కాటలిటిక్ కన్వర్టరందురు. దానిలో పింగాణివంటి మట్టితో చేసిన ఇటుక యుండును. ఆ ఇటుక నిండ తేనెపట్టునందువలె సన్నని రంధ్రములు. చదరపు అంగుళమునకు సుమారు 400. ఆ రంధ్రముల గోడలకు ప్లాటినము, పెల్లేడియము, రోడియము అను లోహములను పలుచగా పూతపూయుదురు. బండి మొత్తమునకు ఆ లోహములు కొన్ని గ్రాములే.

చాలమంది దీనిని పొగను వడగట్టు జల్లెడ యని తలంతురు. జల్లెడ కాదు, పెండ్లిండ్ల పేరయ్య యనవచ్చును. పేరయ్య రెండిండ్లవారిని కలుపును, తాను మాత్రము ఎవరి యింటను చేరక మరునాడు మరియొక సంబంధమునకు బయలుదేరును. అట్లే ఈ లోహములు తాము తరుగక, ఇంజను విడిచిన కార్బన్ మోనాక్సైడును ప్రాణవాయువుతో కలిపి బొగ్గుపులుసుగాలిగా మార్చును. కాలక మిగిలిన పెట్రోలావిరిని నీటియావిరిగాను బొగ్గుపులుసుగాలిగాను మార్చును. నత్రజని ఆక్సైడులను విడదీసి మామూలు నత్రజనిని చేయును. కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు కూర్చుండవలసిన పీటపై తాను కూర్చుండి మనిషిని చంపును.

దీనిని రూపొందించినవారిలో ముఖ్యుడు యూజీన్ హూడ్రీ యను ఫ్రెంచి యింజనీరు. ఆయన అమెరికాలో స్థిరపడి 1950వ దశకములో దీనికి పేటెంటు పొందెను. ఐనను నాటి పెట్రోలులో సీసము కలుపుచుండిరి. సీసము ఆ లోహపుపూతను కప్పి చంపివేయును. అందువలన 1975 నాటి కార్లు వచ్చువరకు ఇది అమెరికాలోనే సామాన్యముగా వాడుకలోనికి రాలేదు. మన దేశమున 1995 ఏప్రిల్ 1 నుండి నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు విధించిరి. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతట సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు.

ఇక మా యింటి సంగతి. మాది నరసరావుపేట. మేము 2013లో కొన్న పెట్రోలు కారు ఊరిలో తిరుగునంతసేపు బాగుగనే యుండెడిది. క్రిందటి యేడు మా అత్తగారిని కోటప్పకొండకు తీసికొనిపోయితిమి. ఘాటురోడ్డు తగులగానే బండి ఉబ్బసపు రోగివలె రొప్పసాగెను. మా వారు రేసు నెంత త్రొక్కినను మ్రోత యే కాని లాగుడు లేదు. ఫస్టుగేరులో పాకుచు, నడుమ రెండుసార్లు ఆగి, ఎట్లో త్రికూటేశ్వరుని సన్నిధి చేరితిమి. అంతలో కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన గుప్పుమనెను. మా అత్తగారు జన్మలో గ్రుడ్డు ముట్టని మనిషి. ఎవరు తెచ్చిరని వెనుకసీటు సంచులన్నియు వెదకించిరి! అది పెట్రోలులోని గంధకము చెడిన కన్వర్టరులో మారి పుట్టించు కంపని ఆమెకు చెప్పిన నమ్మరైరి.

ఊపిరి విడువలేనివాడు ఊపిరి పీల్చను లేడు గదా. ఇంజను సంగతియు నంతే. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలవారి నడిగినను చెప్పుదురు: పొగ పోవు దారి మూసిన బట్టీ మండదు. కన్వర్టరు రంధ్రములు పూడినచో కాలిన పొగ బయటికి పోలేక వెనుకకు ఒత్తును. క్రొత్తగాలి లోనికి చొరలేదు. మెల్లగా పోవునపుడు పొగ కొద్ది గనుక తెలియదు. కొండ యెక్కునపుడును, మాచర్ల రోడ్డున వేగముగా పోవునపుడును బయటపడును.

మొదట చూచిన మెకానిక్కు తన స్కానరు తగిలించి పి-0420 అను అంకెను చూపెను. కన్వర్టరు సరిగా పనిచేయుట లేదని దాని యర్థము. "అమ్మా, కొత్తది వేయాలంటే బోలెడవుద్ది. లోపలి ఇటుక పగలగొట్టి ఖాళీ డబ్బా బిగిస్తా. ఎవరికీ తెలవదు, బండి గుర్రంలా ఎగురుద్ది" అనెను. మా వారి మనస్సు అటు మొగ్గెను. పదుల వేలతో పని. ఆ నెలలోనే పిల్లవాని కాలేజి ఫీజు కట్టవలసి యుండెను. ఆయనను తప్పుపట్టను.

కాని మా యిల్లు పాతకాలపు ఇల్లు. కారు నిలుచు చోటు వసారా ప్రక్కనే. వసారాలో మా అత్తగారి మంచము. ఆమెకు ఇరువది యేండ్లుగా ఉబ్బసము. ప్రతి ఉదయము ఆ మంచమునకు ఆరడుగుల దూరమున బండి పొగ విడుచును. ఆ డబ్బా ఇన్నాళ్ళు మార్చుచుండిన విషము ఇకమీద ఎవరి రొమ్ములోనికి పోవునని అడిగితిని. ఎవరును బదులు చెప్పలేదు. అదియునుగాక, కంపెనీవారు నిర్ణయించిన తీరునకు విరుద్ధముగా బండిని మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము నిషిద్ధము.

నాకు ఇంటిపద్దు వ్రాయు నలవాటు కలదు. పాలు, పెరుగులతోపాటు పెట్రోలు లీటర్లును, ఆనాటి కిలోమీటర్లును వ్రాయుదును. మరియొక షెడ్డునకు పోవునపుడు ఆ పుస్తకమును చేత పట్టుకొని పోయితిని. అక్కడి మెకానిక్కు పెద్దవాడు. పద్దును వ్రేలితో చూచుకొనుచు పోయెను. లీటరుకు 16 వచ్చుచుండిన బండి నాలుగు నెలలలో 13కు, పిమ్మట 11కు దిగినది. "ఇంజనాయిలు మధ్యలో పోశారామ్మా?" అని అడిగెను. పద్దులో లేదు, పోయలేదు. అప్పుడతడు, "డబ్బా చచ్చింది సరే. చంపిందెవరో చూడాలి గదా! లేకపోతే కొత్తదాన్నీ చంపుద్ది" అనెను.

ఈ మాట నాకు బంగారముగా తోచినది. కన్వర్టరు తనంత తాను చచ్చుట అరుదు. ఇంజను నూనెను కాల్చుచున్నచో ఆ మసియు బూడిదయు దానిని పూడ్చును. రేడియేటరు నీరు లోనికి కారినను చెడును, కల్తీ పెట్రోలు పోసినను చెడును. అన్నిటికంటె చెడ్డది ప్లగ్గు సరిగా మండకపోవుట. అప్పుడు కాలని పెట్రోలు పోయి కన్వర్టరులోనే కాలును. దాని వేడి 1000 డిగ్రీలు దాటి, మట్టియిటుకయే కరిగి రంధ్రములు మూసికొనిపోవును.

అతడు మరల స్కానరు పెట్టగా పి-0303 అను రెండవ అంకె కనబడినది: మూడవ సిలిండరు మండుట లేదు. పిదప కన్వర్టరునకు ముందున్న సెన్సరును విప్పి ఆ రంధ్రమున ఒత్తిడి కొలుచు గడియారమును బిగించి రేసు ఇచ్చెను. ముల్లు జివ్వున లేచెను. దారి మూసికొన్నదని అట్లు తేలినది. అంకెను మాత్రము చూచి కన్వర్టరు మార్పించుట తగదు. ఒక్కొకప్పుడు చెడినది సెన్సరే కావచ్చును, గొట్టమునకు చిల్లియే కావచ్చును. మాకు మూడవ సిలిండరు కాయిలు, నాలుగు ప్లగ్గులు, కన్వర్టరు మార్చిరి. ఫీజు గడువునకై నేను చీటీ పాడితిని. రెండునెలల పద్దులో మరల 16 కనబడినది.

మీటర్ల నడుమ ఇంజను బొమ్మతో పసుపుపచ్చని దీప మొకటి కలదు. నిలుకడగా వెలిగినచో త్వరలో చూపింపవలెను. మిణుకుమిణుకు మనినచో కాలని పెట్రోలు కన్వర్టరును కాల్చుచున్నదని యర్థము. వెంటనే వేగము తగ్గించి బండి నాపవలెను. గురజాలలో మా బంధువొకరు ఆ వెలుగు కన్నులకు గ్రుచ్చుకొనుచున్నదని దానిపై భార్య బొట్టుబిళ్ళ నంటించిరి! సౌభాగ్యము బండికి కూడ కావలెను కాబోలు.

మన పల్నాటి వారికి మరియొక మాట. కోతల కాలమున రోడ్డుమీదను కళ్ళములలోను వరిగడ్డి పరచియుండును. అప్పుడే ఆగిన బండి క్రింద ఆ డబ్బా వందల డిగ్రీల వేడితో నుండును, చెడినదైన మరింత. ఎండుగడ్డిపై బండి నిలుపరాదు. దీనికి తిరుగుబాటుగా, ప్రొద్దున చల్లబడిన కన్వర్టరు పనియే చేయదు. సుమారు 250, 300 డిగ్రీలు వచ్చినగాని దానికి ప్రాణము రాదు. కావున ఎంత మంచి బండినైనను మంచముల ప్రక్క ఊరక మ్రోగింపరాదు. మా వారిప్పుడు బండిని వీధిలో నిలుపుచున్నారు.

పాత కన్వర్టరును అడిగి ఇంటికి తెచ్చుకొంటిని. 2021లో రోడియము వెల బంగారమునకు పదిరెట్లు మించినది. ఈ డబ్బాలను బండ్ల క్రిందినుండి కోసి దొంగిలించు ముఠాలు అమెరికాలోను ఇంగ్లండులోను బయలుదేరినవి. మా వీధికి వచ్చు పాతసామానులవాడు ఇనుపతూకమునకు అడిగెను. లోపల ప్లాటినము గలదంటిని. తూకపుకాటాను మెల్లగా క్రింద పెట్టి, "అయితే రేపొచ్చి మాట్లాడతానమ్మా" అని పోయెను. బంగారముకంటె ప్రియమైనది ఇంట నున్నదని విని మా అత్తగారు మంచముమీద లేచి కూర్చుండిరి. "ఎంత ఖరీదైనా సరే అమ్మాయ్, ఆ గుడ్డు కంపుదాన్ని పూజగది వైపు మాత్రం తేకు" అనిరి.