మా బాబాయ్ కళ్లు తెరిచే ధ్యానం చేస్తాడు

‘జరిగిందేదో జరిగిపోయింది, మర్చిపో.’ మనసుకి దెబ్బ తగిలినవాళ్లకి మా దివిసీమలో ఎవర్నడిగినా చెప్పే మాట ఇదే. చెప్పేవాళ్లది మంచి మనసే. కానీ ఈ మందు పనిచెయ్యదని చెప్పడానికి మా ఇంట్లోనే ఇద్దరున్నారు. ఒకరు ఉప్పెన చూసిన నాయనమ్మ. ఇంకొకరు కార్గిల్ చూసిన బాబాయ్.

మాది హంసలదీవి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కథ ఇక్కడి పిల్లలు గోరుముద్దలతో పాటే వింటారు. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల మంది దాకా పోయారు. ఆ రోజు నాయనమ్మ రెండేళ్ల బాబాయ్‌ని చంకనేసుకుని, ఇంకో చేత్తో మా నాన్నని లాక్కుంటూ వేణుగోపాలస్వామి గుడికి చేరింది. ఆరేళ్ల మా అత్త తాతయ్య చేతిలో ఉంది. నీళ్లలో ఆ చెయ్యి జారిపోయింది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రోజు మేమంతా ఫోన్లలో హెచ్చరికలు చూసుకుంటున్నాం. ఫోను వాడటం రాని నాయనమ్మ మాత్రం అప్పటికే రెండు చీరలు, రేషన్ కార్డు మూట కట్టి ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఆమెకి వార్త చెప్పింది గాలి హోరు. మనసు మర్చిపోయినా ఒళ్లు మర్చిపోదు.

బాబాయ్‌ది ఇంకో రకం. 1999లో కార్గిల్ వెళ్లినప్పుడు ఆయనకి పాతికేళ్లు కూడా లేవు. అక్కడేం జరిగిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రిటైరై వచ్చాక మొదటి దీపావళికి పక్కింట్లో లక్ష్మీబాంబు పేలింది. మేం తల తిప్పేలోపు ఆయన గోడ వారగా నేలకి కరుచుకుని ఉన్నాడు. రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. తలుపుకి వీపు పెట్టి కూర్చునేవాడు కాదు. గిన్నె కిందపడినా అరిచేవాడు. ఊళ్లోవాళ్లు ‘మిలటరీ కోపం’ అని నవ్వేవాళ్లు. పిన్ని మాత్రం నవ్వేది కాదు.

దీనికో పేరుంది: పీటీఎస్‌డీ. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల గోడు విన్నాక, 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల జాబితాలో ఈ పేరు చేర్చింది. అంటే ఉప్పెన వచ్చిన మూడేళ్లకి. నాయనమ్మ మూట కట్టడం మొదలుపెట్టే నాటికి ఆమె బాధకి డాక్టర్ల దగ్గర కూడా ఆ పేరు లేదు. విషయం ఇదీ: ప్రాణం మీదకి వచ్చినప్పుడు ఒంట్లో అలారం మోగుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుస్తాయి. ప్రమాదం దాటాక అది ఆగిపోవాలి. కొంతమందిలో ఆగదు. చిన్న చప్పుడుకి కూడా మళ్లీ మోగుతుంది.

‘యోగా చేయించండి, అన్నీ సర్దుకుంటాయి’ అని ఎవరో చెబితే బాబాయ్ టౌన్లో ఒక క్లాసుకి వెళ్లాడు. లైట్లు తీసేశారు. అందర్నీ పడుకోబెట్టి శవాసనం అన్నారు, కళ్లు మూసుకోమన్నారు. గురువుగారు వెనకనుంచి వచ్చి భుజం సరిచేశారు. అంతే, బాబాయ్ లేచి బయటికొచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు.

“కళ్లు మూస్తే నేనిక్కడ ఉండన్రా, అక్కడుంటా” అన్నాడు నాతో.

చీకటి, మూసిన కళ్లు, వెనకనుంచి పడే చెయ్యి... మామూలు మనిషికి ఇవి విశ్రాంతి. యుద్ధం చూసినవాడికి ఇవే ప్రమాదానికి గుర్తులు. ఈ సంగతి తెలిసినవాళ్లు యోగాని ఇలాంటివాళ్ల కోసం కొంచెం మార్చారు. అమెరికాలో బోస్టన్ దగ్గర డేవిడ్ ఎమర్సన్ అనే యోగా టీచర్, బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ అనే సైకియాట్రిస్ట్ కలిసి చేసిన పని ఇలాంటిదే. అందులో ఆజ్ఞలుండవు. ‘మీకు ఇష్టమైతే ఇలా చేసి చూడండి’ అంటారు. ముట్టుకోరు. కళ్లు తెరిచే ఉంచొచ్చు. వద్దనుకున్న క్షణంలో ఆపేయొచ్చు.

విజయవాడలో బాబాయ్‌ని చూసిన సైకియాట్రిస్ట్ మేడం చెప్పింది కూడా ఇదే. మందులు రాశారు, కౌన్సెలింగ్ పెట్టారు, దాంతోపాటు ఊపిరి నేర్పించారు. కుర్చీలో, వీపు గోడకి ఆనించి, తలుపు కనిపించేలా కూర్చోవాలి. కళ్లు తెరిచే ఉంచి ఏదో ఒక వస్తువుని చూడాలి. బాబాయ్ మా ఇంటి ముందు కొబ్బరిచెట్టు మొదలు చూస్తాడు. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి.

కిటుకంతా ఆ వదలడంలోనే ఉంది. గాలి పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండె దాకా వెళ్లే వేగస్ నాడి చేసే పని ఇది. నిశ్వాస పొడవైతే ‘ప్రమాదం లేదు’ అన్న కబురు ఎక్కువసేపు అందుతుంది. గుండెని నెమ్మదించమని నేరుగా ఆజ్ఞాపించలేం. ఊపిరి మాత్రం మన మాట వింటుంది, దాని మాట గుండె వింటుంది. ఆయన చేతికి నా స్మార్ట్‌వాచ్ పెట్టి చూపిస్తే అంకెలు మెల్లగా దిగడం చూసి “అయితే ఇది ఉత్త కబుర్లు కాదన్నమాట” అన్నాడు.

కాదు. 2014లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల నుంచి వచ్చిన 21 మంది సైనికులతో చేసిన అధ్యయనంలో, వారం పాటు సుదర్శన క్రియ నేర్చుకున్నవాళ్లకి పీటీఎస్‌డీ లక్షణాలు తగ్గాయి. ఏడాది తర్వాత చూసినా ఆ తేడా నిలిచే ఉంది. 2018లో ‘లాన్సెట్ సైకియాట్రీ’లో 203 మంది మాజీ సైనికుల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. డాక్టరు సాయంతో పాత భయాన్ని మళ్లీ మళ్లీ ఎదుర్కొనే చికిత్సకి అతీంద్రియ ధ్యానం తీసిపోలేదని అందులో తేలింది. జరిగింది నోరు విప్పి చెప్పలేని బాబాయ్ లాంటివాళ్లకి ఇది చాలా పెద్ద కబురు. 2004 సునామీ తర్వాత కూడా శిబిరాల్లో ఉన్న 183 మంది మీద యోగ శ్వాసని పరీక్షించారు, ఉపశమనం కనిపించింది. సముద్రం కొట్టిన దెబ్బకైనా, యుద్ధం కొట్టిన దెబ్బకైనా ఒళ్లు పలికే తీరు ఒకటే.

అలాగని ఇది మహిమ కాదు. 21 మంది అంటే చిన్న లెక్క. అందరికీ ఒకేలా పనిచెయ్యదు. ఊపిరి పట్టి బిగించే ప్రాణాయామాలు కొందరిలో కంగారు పెంచుతాయి కూడా. యూట్యూబ్ చూసి మందులు ఆపేయడం అసలే కూడదు. బాబాయ్‌కి ఇప్పటికీ పీడకలలొస్తాయి. కాకపోతే లేచాక తెల్లారేదాకా వాకిట్లో తిరగడం తగ్గింది. పోయిన దీపావళికి లోపలి గదిలో గోడకానుకుని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. బాంబులు సద్దుమణిగాక బయటికొచ్చి పిల్లలతో కాకరపువ్వొత్తి వెలిగించాడు. పిన్ని వంటింట్లోకి వెళ్లి కళ్లొత్తుకుంది.

మీ ఇంట్లోనో వీధిలోనో ఇలాంటివాళ్లుంటే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మాజీ సైనికులకి, వాళ్ల కుటుంబాలకి ఈసీహెచ్‌ఎస్ పథకం ఉంది. ఎవరికైనా టెలీ మానస్ నంబరు 14416 ఉంది. రాత్రీ పగలూ పలుకుతుంది, పైసా ఖర్చుండదు. ‘మర్చిపో’ అనకండి. పక్కన కూర్చుని మీరూ నెమ్మదిగా ఊపిరి వదలండి.

మా నాయనమ్మ అదే చేస్తుంది. బాబాయ్‌కి భ్రామరి బాగా నచ్చింది. చెవులు మూసుకోడు, కళ్లు మూసుకోడు, తుమ్మెదలా ‘మ్‌మ్‌మ్’ అంటూ ఊపిరి వదులుతాడు. ఆ గొంతు వినపడగానే నాయనమ్మ కూడా గుమ్మంలో చేరి తనూ అంటుంది. సముద్రం మీద గాలి లేచినప్పుడు కాస్త ఎక్కువసేపు అంటుంది. మూట ఇంకా కడుతూనే ఉంది. విప్పమని మేమెవరం చెప్పం.